మా ఆయన ఎడమ చెయ్యి

ఈ ఇంట్లో మా ఆయన వాసుదేవరావు గారికి రెండు వస్తువులంటే ప్రాణం. ఆ రెండిట్లో నేను లేను. ఒకటి కాఫీ ఫిల్టరు. రెండోది గుంటూరు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో, 1961లో వేసిన అనాటమీ రికార్డు. పెళ్లి ఆల్బం ఇండియాలో వదిలేసి, రికార్డును మాత్రం సూట్‌కేసు అడుగున భద్రంగా పెట్టుకుని అమెరికా వచ్చిన మనిషి. ఇక్కడ ముప్ఫై అయిదేళ్లు కళ్ల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు గానీ, షాంటిలీలో మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లెవరూ ఆ రికార్డు చూడకుండా చెయ్యి కడుక్కున్నది లేదు.

ఎర్ర పెన్సిలుతో ధమనులు, నీలంతో సిరలు, పసుపుతో నరాలు. ప్రతి బొమ్మ కిందా లెక్చరరు సంతకం. ముంజేతి బొమ్మకు ప్రైజు కూడా వచ్చింది. దాని కింద గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో, ‘నా ఎడమ చెయ్యి, స్వయంగా చూసి గీసినది’ అని ఉంటుంది. ఆ పేజీ తెరిచినప్పుడు ఆయన గొంతు కూడా మారుతుంది.

2009లో మా బేస్‌మెంట్‌లో దేదీప్య అద్దెకు ఉండేది. హనుమకొండ పిల్ల. అక్కడ పళ్ల డాక్టరు చదివి, ఇక్కడ వైద్య పుస్తకాలకు శరీరం బొమ్మలు వేసే కోర్సులో ఎమ్మెస్ చేస్తోంది. అలాంటి చదువు ఒకటుందని నాకు ఆ పిల్ల వచ్చాకే తెలిసింది. చక్కటి చెయ్యి, నెమ్మదైన పిల్ల. పెద్దవాళ్లు ఏం చెప్పినా తల ఊపుతుంది. అదే కొంప ముంచింది.

సెమిస్టరు చివర సొంత ముంజేతిని గీసి ఇమ్మన్నారట. మా ఆయన ఉత్సాహంగా రికార్డు చేతిలో పెట్టారు. మన కాలేజీల్లో రికార్డంటే సీనియర్‌ది చూసి వేసేదే కదా, ఆ పిల్లకూ అది కొత్త కాదు. అచ్చు గుద్దినట్టు వేసి ఇచ్చింది. ప్రొఫెసరు దాని మీద ఒకే ఒక్క ప్రశ్న రాసి తిప్పి పంపింది: ‘ఇది ఎవరి చెయ్యి?’

కాపీ కొట్టినందుకు, సోమవారం ముగ్గురు ప్రొఫెసర్ల ముందు ఇంకో బొమ్మ పెట్టాలి. అదీ తప్పయితే కోర్సులోంచి తీసేస్తారు. కోర్సు పోతే వీసా పోతుంది. ఆ పిల్ల వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఆదివారం నేనే పైకి పిలిచి పప్పన్నం పెట్టాను. కాస్త మాట్లాడితే తేలికపడుతుందని, క్లాసులో ఏం చెబుతారని అడిగాను. చెప్పడం మొదలుపెట్టేసరికి పిల్ల ముఖంలోకి కళ వచ్చింది.

పదమూడు వందల ఏళ్లు యూరప్ డాక్టర్లకు గేలెన్ అనే పాతకాలపు వైద్యుడు రాసిందే వేదమట. ఆయనేమో కోతుల్నీ కుక్కల్నీ కోసి చూసి మనిషి గురించి రాశాడు. కాలేజీల్లో ప్రొఫెసరు ఎత్తు కుర్చీలో కూర్చుని ఆ పుస్తకం చదివేవాడు. కింద మంగలి శవాన్ని కోసేవాడు. చదివేవాడు కిందికి చూడడు, కోసేవాడికి చదువు రాదు. అప్పుడు బొమ్మలు వేసేవాళ్లు దిగారు. లోపల కండ ఎట్లా ఉందో తెలియకపోతే పైన భుజం కుదరదని లియొనార్డో లాంటివాళ్లు తామే శవాలను కోసి, చూసింది చూసినట్టు గీశారు. తర్వాత వెసేలియస్ అనే డాక్టరు అలాంటి బొమ్మలతోనే పెద్ద పుస్తకం అచ్చు వేసి, గేలెన్ రెండు ముక్కలన్న కింది దవడ ఒకటే ఎముక అని చూపించాడు.

“గప్పుడు వాళ్ల ముసలి గురువు ఏమన్నడో తెలుసా ఆంటీ?” అంది దేదీప్య. “గేలెన్ తప్పు రాయలేదు, ఆయన పోయినంక మనుషుల ఒళ్లే మారిపోయిందన్నడట.”

మా ఆయన విరగబడి నవ్వారు. “తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఫూల్స్,” అన్నారు. ఆ నవ్వు నేను గుర్తుపెట్టుకున్నాను.

భోజనమయ్యాక కొత్త బొమ్మ బల్ల మీద పరిచింది. ఎంత బాగుందో చెప్పలేను. మణికట్టు మీద ఆ పిల్ల చిన్నప్పటి కాలిన మచ్చతో సహా ఉంది. మా ఆయన కళ్లజోడు సర్దుకుని రికార్డు పక్కన పెట్టి చూశారు.

“మధ్యలో టెండన్ ఏదమ్మా? పొడుగ్గా సన్నగా వస్తుంది చూడు. మిస్ చేశావు.” టెండనంటే కండను ఎముకకు కట్టే తాడులాంటిదట.

“నా చేతికి కనిపిస్తలేదు అంకుల్. మంచిగనే చూసిన.”

“బుక్‌లో ఉంది, నా రికార్డులో ఉంది. నీకు లేకపోవడమేమిటి? అయితే నీ చెయ్యే తప్పు.”

పిల్ల తల ఊపింది. పెన్సిలు తీసి, తన చేతికి లేని దాన్ని బొమ్మలో గీసేసింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు. గోంగూర ఒలుస్తున్న నాకు ఒళ్లు మండింది.

“ఏవండీ, ఉందో లేదో ఎలా తెలుస్తుంది?” అన్నాను.

“బొటనవేలూ చిటికెనవేలూ కలిపి, మణికట్టు లోపలికి వంచు. మధ్యలో తీగలా లేస్తుంది.”

గోంగూర వదిలి ఎడమ చెయ్యి వంచాను. లేచింది. దేదీప్య వంచింది. ఏమీ లేవలేదు, నున్నగా ఉంది.

“చూశారా?” అన్నాను. “ఏదీ, మీది వంచండి.”

“నాది చూసేదేముంది, బొమ్మే ఉంటేనూ,” అంటూనే చెయ్యి చాపి వేళ్లు కలిపారు. వంచారు. ఇంకాస్త వంచారు. చొక్కా చెయ్యి పైకి లాక్కుని కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురులో మళ్లీ వంచారు.

లేదు.

స్వయంగా చూసి గీసిన చెయ్యి, ప్రైజు వచ్చిన చెయ్యి. నలభై ఏళ్లుగా ఆ చేత్తోనే నా వంటకు వంకలు చూపించారు. నాకు నవ్వు ఆగలేదు. ఆయన ముఖం చూసి జాలి కూడా వేసింది. చెవుల దాకా ఎర్రబడి, పిల్ల వైపు చూడలేకపోయారు.

ఫోన్ తీసి, కాలిఫోర్నియాలోని డబ్లిన్ అనే ఊళ్లో ఉంటున్న పాపయ్య గారికి చేశారు. ఆయన మా వారి సీనియరు, రిటైరైన సర్జన్.

“పాపయ్యా, నీ ఎడమ చేతి బొటనవేలూ చిటికెనవేలూ కలిపి వంచు.”

స్పీకర్‌లో పాపయ్య గారు అటు వంచుతున్నట్టు మూలిగారు. “కుడికి ఉందిరా, ఎడమకి లేదు. కొందరికి ఉండదు, బుక్‌లో చిన్నక్షరాల్లో ఉంటుంది. మనం ఫుట్‌నోట్లు ఎప్పుడు చదివాం?”

“మరి నీ రికార్డులో ఎలా వేశావు?”

“నా సీనియరు కోటయ్య గారి రికార్డు చూసి వేశాను. నువ్వు నాది చూసే కదా వేశావు?”

మా ఆయన ఫోన్ పెట్టేసి నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. “చెరిపెయ్యి తల్లీ,” అన్నారు. “నువ్వు చూసిందే కరెక్ట్. నేను ఎప్పుడూ చూడలేదు.”

దేదీప్య చెరిపింది. ఎంత జాగ్రత్తగా చెరిపినా సన్నటి గీత ఆనవాలు మిగిలింది. మళ్లీ మొదటి నుంచి వెయ్యడానికి టైము లేదు. ఆ గీత వల్లే పిల్ల వెళ్లిపోవాల్సి వస్తుందేమోనని మర్నాడంతా నాకు పని మీద మనసు నిలవలేదు. మా ఆయన అయిదుసార్లు మెయిల్‌బాక్స్ దాకా వెళ్లొచ్చారు.

సాయంత్రం పిల్ల నవ్వుకుంటూ వచ్చింది. ప్రొఫెసరు మొదట ఆ చెరిపిన గీతే పట్టుకుందట.

“ఇదేంటిదని అడిగింది ఆంటీ. ముందుగాల పెద్దలు చెప్పింది వేసిన, తర్వాత నేను చూసింది ఉంచిన అన్న. ముగ్గురూ వేళ్లు కలిపి చేతులు వంచి చూసుకున్నరు. ఒకామెకు లేదు. పాస్ చేసిన్రు.”

నేను ఆ పిల్లను దగ్గరికి తీసుకుని ఏడ్చేశాను. మా ఆయన అటు తిరిగి మేడ మీదికి వెళ్లిపోయారు. అలిగారనుకున్నాను.

గంట తర్వాత రికార్డుతో దిగి వచ్చారు. వెనక ఖాళీగా ఉన్న చివరి పేజీలో, అరవై ఆరేళ్ల ముడతలతో, పైకి తేలిన సిరలతో, ఒక చెయ్యి. గీతలు వణికాయి. మధ్యలో టెండన్ లేదు. కింద ఏమీ రాయలేదు. రికార్డునూ పెన్నునూ దేదీప్య ముందు పెట్టి, పిల్లాడిలా నిలబడ్డారు.

“సంతకం పెట్టమ్మా.”

దేదీప్య నా వైపు చూసింది. తల ఊపేస్తుందేమో అనుకున్నాను. ఊపలేదు. బొమ్మ పక్కకు జరిపి, ముందు ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని లైటు కిందికి తెచ్చింది. వేళ్లు కలపమంది. అటూ ఇటూ తిప్పి, తీరిగ్గా, పూర్తిగా చూసింది.

అప్పుడు సంతకం పెట్టింది.