డాబా మీద ఎర్ర దుమ్ము

2003 చివర్లో మా డాబా మీద గాలి కొలిచే మిషన్ పెట్టుకుంటామని కాలుష్యం ఆఫీసువాళ్లు అడిగితే, సరేనని, బాడుగ కూడా వద్దన్నాను. ఏదీ ఊరికే ఇచ్చే మనిషిని కాను. హిందూపురం మార్కెట్టు దగ్గర నాది మిరపకాయల మండీ. కింద వ్యాపారం, పైన కాపురం, ఎదురుగా లారీల స్టాండు. పదకొండేళ్ల నా కూతురు హరితకు ఉబ్బసం. అది ఆ లారీల పొగ వల్లేనని నా లెక్క. మిషన్ ఆ మాటే అంకెల్లో చెబితే, స్టాండును ఊరి బయటికి మార్చమని అర్జీ పెట్టవచ్చు.

మిషన్ చూసుకునే జయరాజు పెనుకొండ నుంచి వచ్చేవాడు. వారానికి రెండు రోజులు మిషన్ తిప్పి, ఎనిమిది గంటలకొకసారి కాగితం మార్చేవాడు. మొదటి రోజే అడిగాను.

“ఏమప్పా, కంటికి కనపడని గాలిని ఎట్ల కొలుస్తావు?”

“మిషన్ గాలిని పీలుస్తాదన్నా. లావు దుమ్ము ఈ కింద డబ్బాలో పడతాది. ఊపిరితిత్తుల దాకా పోయే సన్న దుమ్ము పైన కాగితానికి పట్టుకుంటాది. ఖాళీ కాగితం తూకం ముందే రాసుకునుంటాము. తర్వాత మళ్లీ తూకమేస్తాము.”

“గోనె తూకం తీసేసినట్టా?”

“అంతే. ఎంత గాలి పోయిందో మీటరు చెప్తాది. రెండూ చూసి లెక్క కడతాము. రోజు మొత్తం మీద ఘనమీటరు గాలిలో వంద మైక్రోగ్రాములు దాటితే మనిషికి మంచిది కాదు. దుమ్ము యాడినుంచి వస్తాందో ఆఫీసోళ్లు వెతకాల.”

డిసెంబరులో డెబ్బై, జనవరిలో ఎనభై వచ్చింది. నాకు నిరాశే. ఫిబ్రవరిలో నూట అరవై అయింది. ఆ నెలలోనే హరితకు ఊపిరాడక రెండుసార్లు ఆసుపత్రికి ఎత్తుకుపోయాను. ఇంకేం, అర్జీ రాయించి పన్నెండుమంది అంగళ్లవాళ్ల చేత సంతకాలు పెట్టించాను.

మరుసటి వారం జయరాజు డాబా మీదనుంచి పిలిచాడు. వెళ్లేసరికి డబ్బా విప్పి ఉంది. అందులో ఎర్ర దుమ్ము. వాసన చూసి మూడుసార్లు తుమ్మాను. ఎప్పుడూ నల్లబడే కాగితం కూడా ఆ రోజు ఇటుక రంగులో ఉంది.

మిషన్‌కు నాలుగు బారల దూరంలో మా మండీలో కూలికి వచ్చే మునెమ్మ, ఆమెతోటి ఆరుగురు ఆడవాళ్లు రంగుపోయిన తాలుకాయలు ఏరి పారేసి, మిగిలినవి జల్లెడ పడుతున్నారు. ఏటా ఫిబ్రవరిలో కొత్త సరుకు దిగితే ఈ పని మా డాబా మీదే. ఎండ బాగుంటుంది, దుమ్ము గాలికి పోతుందని అనుకునేవాళ్లం. ఎక్కడికి పోతుందో నేను లెక్క వేయలేదు. డాబా అంచుకింద హరిత గది కిటికీ.

“లారీ పొగ నల్లగుంటాదన్నా. ఇది నీ సరుకే,” అన్నాడు జయరాజు.

“ఆ కాగితం చించేయప్పా.”

“దాని మీద నంబరుండాది. చించితే నా ఉద్యోగం చించినట్టే. పక్కన మిరపకాయలు జల్లిస్తాండారని రాసి పంపిస్తా. నీ అర్జీలో లారీలోళ్ల కింద నీ పేరు గూడా రాసుకో.”

ఆడవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

“మునెమ్మా, రేపట్నించి రొద్దం రోడ్డులో మన షెడ్డుకు పోండి,” అన్నాను.

“ఆ రేకుల షెడ్డుకా? దానికి కిటికీ గూడా లేదు కదన్నా. పాపకు పడని దుమ్ము మాకు పడతాదా?”

“ఇన్నేండ్లు చేస్తాండారు కదా.”

“చేస్తాండాం కాబట్టే చెప్తాండా. చౌడక్క ఎందుకు మానేసిందనుకుంటివి?”

“వేరే మండీకి పోయింది.”

“యాడికీ పోలేదు. ఇంట్లో కూచోనుండాది. నీ డాబా మెట్లెక్కాలంటే మూడుసార్లు నిలబడి దగ్గేది.”

నన్ను విడిచి వేరే మండీకి పోయిందని రెండేళ్లుగా చౌడక్క మీద కోపంగా ఉన్నాను. దారిలో కనపడినా పలకరించలేదు.

షెడ్డుకు రెండు పక్కలా రేకులు విప్పించాను. సరుకు పోకుండా కంచె వేయించి కాపలా పెట్టాను. గాలి వచ్చే వైపు ఆడవాళ్లు, గాలి పోయే వైపు జల్లెడ. అందరికీ మూతికి గుడ్డ. ఖర్చు లేకపోలేదు, కానీ ఆసుపత్రితో పోలిస్తే తక్కువే.

మార్చిలో తొంభై వచ్చింది. రోజూ ఉబ్బసం మందు పంపు పీల్చే హరిత వారానికొకసారి పీలుస్తోంది. అర్జీ పంపలేదు. సంతకాలు చేసిన పన్నెండుమందికీ నా తప్పు నేనే చెప్పాను. కొందరు నవ్వారు. కొందరు తమ డాబాల మీద ఏం ఆరబోశారో చూడ్డానికి మెట్లెక్కారు.