పగిలిన గుడ్డు రోడ్డువాడిది

పైకెత్తిన దిమ్మిసను దించడం మరిచిపోయి బర్నబే చెవి రిక్కించాడు. కొండ పైనుంచి చప్పుడు వస్తోంది. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఎవరో తీరిగ్గా ఆడిస్తున్నట్టుంది. ఒక దొడ్డి దగ్గర ఆగింది. కోళ్లు గోల చేశాయి. మళ్లీ మొదలైంది.

"బయల్దేరింది మహారాణి," అని దిమ్మిసను దబ్బున కంకర మీదికి వదిలాడు.

పొట్టి మనిషి. మెడ అనేది లేదు, తల నేరుగా భుజాల్లోంచి మొలిచినట్టు ఉంటుంది. మీసం ఒకప్పుడు ఏ రంగో చెప్పలేం, ఇప్పుడు కంకర రంగు. అరచేతులు ఎంత గట్టివంటే, వాటి మీద అగ్గిపుల్ల గీసి చుట్ట ముట్టిస్తాడని ఊళ్లో చెప్పుకుంటారు. నీలం గుడ్డ లాగుకు మోకాళ్ల దగ్గర అతుకులు, ఆ అతుకులకు మళ్లీ అతుకులు. ఈ మధ్య ఎడమ చెయ్యి పొద్దున్నే తిమ్మిరెక్కుతోంది. దిమ్మిస వేస్తే అదే దిగుతుందని అతని వైద్యం.

రాతి శిలువ నుంచి కింద వంతెన దాకా రోడ్డు అతనిది. గుంతలు పూడ్చడం, కాలవలు తీయడం, చలికాలం మంచు తోయడం అతని ఉద్యోగం. ఆ రోడ్డులో ప్రతి గుంతా అతనికి పేరుతో తెలుసు. 'బిషప్పు గుంత' అంటే బిషప్పు గారి బండి ఇరుసు విరిగి, ఆయన నోట రాకూడని మాట వచ్చిన చోటు. 'కవలల గుంత' అంటే మిల్లు యజమాని భార్యకు నెల ముందే నొప్పులొచ్చిన చోటు. ఒక పిల్ల గుంతకి ఇటు పుట్టిందట, ఇంకో పిల్ల అటు పుట్టిందట. అందుకే ఇద్దరికీ ఈనాటికీ పడదు.

వీటన్నిటిలో అతనికి ఇష్టమైనది చెస్ట్‌నట్ చెట్టు మలుపులో ఉన్న గుంత. దాని పేరు ఒదీల్ గుంత. ఈ పేరు అతను తప్ప ఎవరూ ఎరగరు.

ఒదీల్ గుడ్లమనిషి. పై దొడ్లలో గుడ్లు పోగుచేసి కింద పట్నంలో సంతకు తీసుకెళ్తుంది. మొగుడు యుద్ధం నుంచి తిరిగి రాలేదు. భారీ మనిషి, నవ్వితే ఒళ్లంతా నవ్వుతుంది. గాడిదబండి ఉన్న రోజుల్లో మలుపు రాగానే బండి దిగేది. బర్నబే పార పక్కన పెట్టి గాడిద పగ్గం పట్టుకుని, గుంతకి ఏ పక్క తొక్కాలో చూపిస్తూ ముందు నడిచేవాడు. ఎంత జాగ్రత్తపడ్డా ఊకలో ఒకటో రెండో గుడ్లు చిట్లేవి. ఆ కొండల్లో ఒక రివాజు ఉంది, పగిలిన గుడ్డు రోడ్డువాడిది. రోడ్డు బాగుచేసేవాడికి ఇస్తే దారి మంచి చేస్తుందని నమ్మకం. పుల్లలు ఏరి మంట వేసి, పారను నిప్పుల మీద పెట్టి, పందికొవ్వు ముక్కతో రుద్ది, ఆ గుడ్లు అందులో కొట్టేవాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చుని పారలోనే నల్లరొట్టె అద్దుకుని తినేవారు.

"నీ పార కమ్మదనం మా పెనానికి రాదయ్యా," అనేది ఒదీల్.

"పెనం ఎప్పుడన్నా రోడ్డు వేసిందా?" అనేవాడు బర్నబే.

అంతే. ఇంకేమీ అనేవాడు కాదు. అనాల్సింది వచ్చే సంతకి దాచుకునేవాడు.

తర్వాత డ్యూషెవో కారు వచ్చింది. డ్యూషెవో అంటే వాళ్ల భాషలో రెండు గుర్రాలు. గుర్రాలు కనబడవు గానీ, ముందు మూత చూస్తే పాక మీది రేకులు ఊడదీసి వంచినట్టుంటుంది, పైన కప్పు గుడ్డది, చాపలా చుట్టెయ్యొచ్చు. పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ముందు ఫాదర్ గారికి, పశువుల డాక్టరుకు, మంత్రసానికి, ఆ తర్వాతే మిగతా జనానికి. ఒకాయన పెళ్లి కుదిరిన రోజు పేరు రాయిస్తే, కారు వచ్చేసరికి మనవడికి పళ్లు వచ్చాయని చెప్పుకుంటారు. ఆ కారు కథ ఊరంతటికీ కంఠస్థమే. కంపెనీ పెద్దాయన తన మనుషుల్ని పిలిచి అన్నాడట: నాలుగు చక్రాల మీద ఒక గొడుగు చెయ్యండి, ఇద్దరు రైతులు, ఒక బంగాళాదుంపల బస్తా పట్టాలి, గుడ్ల బుట్ట పెట్టుకుని దున్నిన చేలో నడిపితే ఒక్క గుడ్డు పగలకూడదు. యుద్ధం రాగానే చేసినవాటిని జర్మన్ల కంట పడకుండా అటకల మీద దాచారట.

"ఇంకాస్త లోతుగా దాచాల్సింది," అని బర్నబే అనేవాడు.

ఒదీల్‌కి కారు వచ్చిన రోజు ఊరంతా రోడ్డు మీద నిలబడి చప్పట్లు కొట్టింది. బర్నబే ఒక్కడే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కారు మలుపులో పడవలా ఒరిగింది, గుంతలో ముక్కు వంచి దణ్ణం పెట్టింది, లేచింది, పోయింది. ఒదీల్ కిటికీ రెక్క ఎత్తి చెయ్యి ఊపింది. గుడ్డు పగల్లేదు. ఆ రోజు నుంచి ఒక్కటీ పగల్లేదు. పగల్లేదు కనక ఆగలేదు.

మనిషి మీద అసూయ అయితే ఓ దారి ఉంది. వాడి ముక్కు వంకరనొచ్చు, వాడి మాట నత్తి అనొచ్చు. రేకు మీద అసూయకి ఏం చెయ్యాలి? వానలో ఆ కారు అద్దం తుడిచే పుల్లలు కారు నెమ్మదిస్తే తామూ నెమ్మదిస్తాయని విని, ఆ రాత్రి అతను హాయిగా నిద్రపోయాడు. ఫాదర్ గారి కారును పెద్దగాలి చర్చి గోడకి జరిపిందని విని, గాలి పేరున కొవ్వొత్తి వెలిగించి వచ్చాడు. ఒదీల్ దాని మూత మీద తట్టి "పదవే బంగారూ" అనడం ఒకసారి తన చెవులారా విన్నాడు. గాడిదను కూడా ఆవిడ అలా పిలవలేదు. తననైతే అసలే లేదు. అన్నిటికంటే మంట ఏమిటంటే, ఆ కారుకి అతని రోడ్డు అక్కర్లేదు. నున్నగా ఉన్నా ఒకటే, గుంతలున్నా ఒకటే. అతను రోజంతా పూడ్చినదాన్ని అది గమనించను కూడా గమనించదు.

ఇవాళ సంత. కారు పై దొడ్లన్నీ తిరిగి దిగడానికి ఇంకా టైముంది. బర్నబే దిమ్మిస పక్కన పెట్టి గునపం అందుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, రోడ్డును తవ్వడం మొదలుపెట్టాడు.

ఒదీల్ గుంతను మోకాలి లోతు చేశాడు. అంచులు చెక్కాడు. మట్టి ఎత్తి చేను గట్టు అవతల పారబోశాడు. ఊపిరి అందక కాసేపు గునపం మీద వాలాడు. "ఒక్కటి చాలు," అన్నాడు గుంతతో. "బుట్టెడు అడగను. ఒక్కటి పగలగొట్టు. ఆగుతుంది." అని రాతిగోడ వెనక్కి పోయి నక్కాడు.

కారు వచ్చింది. మలుపులో ఒరిగింది. ముందు చక్రం గుంతలోకి దిగింది. ముక్కు నేలని ముద్దుపెట్టుకునేంత వంగింది, లేచింది, వెనకభాగం అలాగే వంగింది, లేచింది. ఊయల ఊగినట్టు రెండుసార్లు ఊగి ముందుకు సాగింది.

బర్నబే కళ్లు మూసుకున్నాడు.

కొంత దూరం పోయాక చప్పుడు ఆగింది. తర్వాత దగ్గరికొచ్చింది. కారు వెనక్కి వస్తోంది.

"గోడ వెనక బర్నబే," అంది ఒదీల్. "నువ్వు లేచినా, నీ టోపీ ఒక్కటే లేచినా సరే. నాకు ఎవరో ఒకరితో మాట్లాడాలి."

టోపీతో పాటే లేచాడు.

ఒదీల్ దిగి గుంత చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. "నీట్‌గా ఉందయ్యా. వాన తవ్విందా?"

"వానే అనుకుంటా."

"గునపం పట్టుకొచ్చిన వానా?" తలుపు తీసింది. "ఎక్కు."

"నేనా? దాంట్లోనా? పనుంది నాకు."

"ఎక్కవయ్యా. ఇన్నేళ్ల నుంచి దీని వంక కుక్క పిల్లిని చూసినట్టు చూస్తున్నావు. లోపలెలా ఉంటుందో చూసి తిట్టుకో. తిట్టుకి బలం వస్తుంది."

ఎక్కాడు. సీటు అంటే ఇనప గొట్టాలకి రబ్బరు పట్టీలు లాగి, పైన గుడ్డ కప్పినది. కూర్చోగానే అతన్ని కిందికి దించుకుని, కొలత తీసుకున్నట్టు చుట్టూ సర్దుకుంది. తన ఇంట్లో కుర్చీ ఎప్పుడూ ఇంత మర్యాద చెయ్యలేదు. అది కూడా అతనికి నచ్చలేదు. ఒదీల్ ఒక గుడ్ల బుట్ట తెచ్చి ఒళ్లో పెట్టింది.

"పట్టుకో. మళ్లీ ఓసారి నీ గుంతలోంచి పోదాం."

కారు వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చింది. ఆ గుంత ఎంత లోతో లోకంలో బర్నబేకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. చక్రం అంచు దాటుతుంటే అతని నడుము బిగిసింది, దవడ బిగిసింది, వచ్చే దెబ్బకి రెండు చేతులూ బుట్టను కావలించుకున్నాయి.

దెబ్బ రాలేదు. ఎవరో కింద నుంచి అరచేత్తో ఎత్తి, మళ్లీ మెల్లగా దించారు. అప్పుడే ఒళ్లో చిన్న చప్పుడు వినిపించింది.

టప్.

ఇద్దరూ కిందికి చూశారు. అతని బొటనవేలు ఒక గుడ్డులోకి దిగిపోయి ఉంది.

ఒదీల్ కారు ఆపింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, తర్వాత కారంతా ఆవిడతో పాటు ఊగడం మొదలైంది. అది మెత్తని కారు కనక నవ్వు ఆగాక కూడా కాసేపు ఊగింది.

"ఈ కారు వచ్చాక ఈ రోడ్డు మీద పగిలింది ఇదొక్కటే," అంది కళ్లు తుడుచుకుంటూ. "అదీ నువ్వే పగలగొట్టావు."

బర్నబే వేలు తీయకుండా కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎందుకు తవ్వావయ్యా?"

"ఊరికే."

"బర్నబే."

"నువ్వు ఆగడం లేదు," అన్నాడు గుడ్డు వంక చూస్తూ. "గాడిదున్నప్పుడు ఆగేదానివి."

ఒదీల్ నవ్వలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని రోడ్డు వంక చూసింది. "నేను పోతుంటే నువ్వు మొహం తిప్పుకునేవాడివి. కారున్న గొప్పదాంతో నాకేం మాటలని తిప్పుకుంటున్నావనుకున్నాను. దీనికి బ్రేకులున్నాయయ్యా. గుడ్డు పగలక్కర్లేదు. చెయ్యెత్తితే చాలు."

ఇది అతనికి తట్టని సంగతి. చెయ్యెత్తడం. రోజంతా దిమ్మిస ఎత్తేవాడికి తట్టలేదు.

ఒదీల్ దిగి, అతన్ని దింపి, ఆ సీటును కొక్కేల నుంచి తప్పించి, ఒంటి చేత్తో ఊడదీసి తెచ్చి చెస్ట్‌నట్ చెట్టు కింద పెట్టింది. చిట్లిన గుడ్డును అతని రేకు గ్లాసులో వేసి చేతికిచ్చింది. "పగిలిన గుడ్డు రోడ్డువాడిది. సంత నుంచి వచ్చేటప్పుడు ఇంకో రెండు నేనే పగలగొట్టి తెస్తాను. పార వేడిగా ఉంచు. సీటు నీ దగ్గరే ఉండనీ, దానికోసమైనా ఆగాలి కదా."

కారు ఒక సీటు తక్కువతో, మలుపులో ఒరుగుతూ దిగిపోయింది.

బర్నబే గుంతను పూడ్చాడు. ముందు పెద్దరాయి, తర్వాత కంకర, పైన మట్టి. తల్లి ఉయ్యాల్లో పక్క సర్దినట్టు సర్ది దిమ్మిస వేశాడు. ఆయాసం వచ్చినప్పుడల్లా సీటు వంక చూశాడు. పనయ్యాక మీసం తడిపి దువ్వుకుని, వెళ్లి దాంట్లో కూర్చున్నాడు. అది మళ్లీ అతన్ని దించుకుంది. ఈసారి అభ్యంతరం చెప్పలేదు.

పోస్టుమాన్ ఎమీల్ సైకిలు తోసుకుంటూ పైకి వచ్చాడు. చూసి నిలబడిపోయాడు. ఎమీల్ కారు కోసం పేరు రాయించుకుని ఎన్నో చలికాలాలు దాటాయి, ఇంకా రాలేదు.

"ఏం బర్నబే, కారు కొన్నావా?"

"మొదలుపెట్టాను. ముందు సీటు వచ్చింది. మిగతాది నిదానంగా వస్తుంది."

"ఎవరిచ్చారు?"

"ఇచ్చేవాళ్లు ఇచ్చారు."

ఎమీల్ చుట్టూ తిరిగి చూశాడు. గుడ్డను వేలితో నొక్కాడు. "ఒక్కసారి కూర్చోనిస్తావా? పొద్దున్నుంచి ఈ సైకిలు సీటు మీద నా బతుకు నీకేం తెలుసు."

"ఆరనీ," అన్నాడు బర్నబే. "కొత్తది."

ఎమీల్ గొణుక్కుంటూ పోయాడు. మలుపు తిరిగే దాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు. ఎదుటివాడి కంట్లో అసూయ ఎంత రుచిగా ఉంటుందో బర్నబేకి ఇన్నాళ్లకి తెలిసింది. నల్లరొట్టె కోసి, చీజ్ ముక్క కోసి, రెండు వంతులు చేసి గుడ్డ మీద పెట్టాడు. మంట వేశాడు. పార తుడిచి, కొవ్వుతో రుద్ది, నిప్పుల పక్కన పెట్టుకున్నాడు. గ్లాసులో గుడ్డును తినలేదు. వెనక్కి వాలాడు. ఎడమ చెయ్యి బాగా తిమ్మిరెక్కింది. కుడిచెయ్యి ఉందిగా, ఎత్తడానికి ఒకటి చాలు.

పొద్దు వాలుతుండగా కింద వంతెన దగ్గర రేకు డబ్బా చప్పుడు మొదలైంది.

ఒదీల్ మలుపులోకి వచ్చింది. చక్రం కింద గుంత తగల్లేదు. ఆ కారులో అది తెలియడం కష్టం, కానీ ఆవిడకి తెలిసింది. చెట్టు కింద బర్నబే టోపీ కళ్ల మీదికి లాక్కుని కూర్చుని ఉన్నాడు. చెయ్యెత్తలేదు. అయినా ఆగింది.

"రెండు పగలగొట్టానయ్యా," అంది దిగుతూ. "ఒకటి కావాలని, ఒకటి అదే పగిలింది."

దగ్గరికి వచ్చింది. నిప్పులు బూడిదయ్యాయి. రెండు రొట్టె ముక్కలూ అలాగే ఉన్నాయి. టోపీ ఎత్తి చూసి, చల్లబడిన మొహం మీద మళ్లీ పెట్టి, చాలాసేపు పక్కన గట్టు మీద కూర్చుంది.

తర్వాత పై దొడ్ల మనుషులు వచ్చారు. కారు గుడ్డకప్పు చుట్టేసి, లోపల ఊక పరిచి, సీటు లేని చోట కాళ్లు చాపి అతన్ని పడుకోబెట్టారు. ఒదీల్ నడిపింది. శిలువ దాకా అంతా అతని రోడ్డే. ఒక్క కుదుపు లేదు.

సీటు సంగతి ఎవరికీ గుర్తురాలేదు. చెస్ట్‌నట్ చెట్టు కింద, బూడిద పక్కన ఉండిపోయింది. తెల్లవారే ముందు సన్నగా వాన పడింది, అతను కూర్చున్న చోట దిగి ఇంకా పైకి లేవని ఆ సీటు గుంతలో నీళ్లు నిలిచాయి.