లాక్లన్ దగ్గు

మీ నాన్న గొంతున్న పాత క్యాసెట్ దొరికితే, అందులోంచి ముందు ఏం తుడిచేస్తారు మీరు?

ఎఫీ దగ్గు తుడిచేసింది.

కెనడాలోని కేప్ బ్రెటన్ దీవిలో అదొక బొగ్గు గనుల ఊరు. ఆదివారం మధ్యాహ్నాలు అమ్మ మోరాగ్ టీ కాస్తుంటే, ఎఫీ వంటింటి బల్ల మీద టేప్ రికార్డరును కంప్యూటరుకు తగిలించి కూర్చునేది. గంట క్యాసెట్ కంప్యూటర్లోకి ఎక్కాలంటే గంటా వినాల్సిందే, తొందరపెడితే లొంగదు. పొరుగువాళ్లు ఫిడేళ్లతో ఈ వంటింట్లోనే చేరిన రోజుల్లో నాన్న లాక్లన్ పాడిన పాటలవి. గని పెట్టిన దగ్గుతోనే పోయాడాయన. పాట మధ్యలో ఆయన దగ్గినప్పుడల్లా స్పీకర్లోంచి బల్ల మీద బొగ్గుపొడి రాలేది.

"దులుపుకుని లోపలికి రావయ్యా అని ముప్పయ్యేళ్లు మొత్తుకున్నా. చచ్చాకా అదే తీరు," అంటూ మోరాగ్ తడిగుడ్డతో తుడిచేది.

మూతపడ్డ గనిని మళ్లీ తెరిచారు. తమ్ముడు రోరీ రేపే దిగుతున్నాడు. మొదటిసారి దిగేవాడికి భోజనం డబ్బా తండ్రే చేతికివ్వాలి. తండ్రి లేకపోతే ఆయన గొంతైనా వినిపించి ఇస్తారు. సాగనంపే పాటలో దగ్గేమిటని, తెర మీద దగ్గు వచ్చినచోటల్లా నిక్కిన గీతల్ని ఒక్కొక్కటే పట్టి కోసేసింది ఎఫీ. మొత్తం నలభై ఒకటి. కోసిన పాటను కంప్యూటర్లోకి ఎక్కించిన కాపీ మీదే భద్రపరిచింది కూడా.

సాయంత్రం వినిపించింది. గొంతు గంటలా మోగింది.

"విన్నావా అక్కా? నాన్న ఎద్దులా ఉండేవాడు! గని మింగేస్తుందని జనాన్ని ఊరికే బెదరగొడతారు," అన్నాడు రోరీ.

మోరాగ్ గుడ్డ పట్టుకుని చూసింది. బల్ల మీద నలుసు పడలేదు.

"ఎవడే వీడు?"

"నాన్నేనమ్మా. శుభ్రం చేశాను."

"ముప్పయ్యేళ్లు నేనూ తుడిచాను. మనిషిని తుడిచెయ్యలేదే!"

ఎఫీ మొహం మాడిపోయింది. అసలు క్యాసెట్టే రికార్డర్లో పెట్టి మీట నొక్కింది.

లాక్లన్ దగ్గాడు. పొడి రాలింది. ఈసారి ఆగలేదు. రేపటికని బల్ల మీద మూత తీసి ఉంచిన భోజనం డబ్బాలో రొట్టె మునిగింది, డబ్బా అంచుదాకా నిండింది. పాటయ్యాక రోరీ డబ్బా ఎత్తబోయాడు. లేవలేదు. రెండు చేతులా లాగాడు. బల్ల కిర్రుమంది గానీ డబ్బా కదల్లేదు.

"నాన్న ఇవ్వట్లేదక్కా."

"ఇవ్వడు," అంది మోరాగ్.

తెల్లారి గని బస్సు గుమ్మం ముందు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. అందులో ఆ వీధివాళ్లు ఐదుగురు, ఒళ్లో తేలికైన డబ్బాలు పెట్టుకుని కూర్చున్నారు. రోరీ కిటికీలోంచి చూశాడు. పని లేదు, ఇంకో పని దొరికే ఊరూ కాదు. ఊపిరి మాత్రం ఉంది.

ఎఫీ క్యాసెట్ తీసి వెలుగుకు పట్టింది. పాటను పట్టి ఉంచే గోధుమరంగు పూతంతా రాలిపోయి రీలు గాజులా ఉంది. ఇక నాన్న అంటే కంప్యూటర్లో మిగిలిన ఆ దగ్గని పరాయివాడే.

ఆ ఐదిళ్లలోనూ క్యాసెట్లున్నాయి. మీ ఇంట్లోనూ ఉంటాయి. ఇవాళే బయటికి తీయండి. దగ్గు కొయ్యకండి. దిగబోయేవాడి చెవిన పడేలా గట్టిగా పెట్టండి.