మైకుగారి కోటు

పొద్దున్నే టైలరమ్మ మెషిన్‌లో నూనెచుక్క వేసి, బాబిన్‌కి దారం చుట్టుకుని కూర్చునేది. అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, కోడలు కుట్టిన యూనిఫారాలకి కాజాలు కుట్టేది. కాజాలకంటే ముందు ఆవిడకి ఇంకో పని ఉంది. కిటికీ రెక్కలు బార్లా తీసి, వీధి చివర కనబడే కంపెనీ గేటు వైపు తిరిగి, ఆ గేట్లోకి వెళ్ళే సూపర్‌వైజరుని గొంతెత్తి తిట్టేది. "వాడి నోరు పడిపోను" అని మొదలుపెట్టి, వాడి నాలుకా పళ్ళూ వంశమూ చుట్టి, మళ్ళీ నోటి దగ్గరికే వచ్చి ఆపేది. ఆ తిట్లు వినబడగానే వీధిలో తల్లులు టైమైందని పిల్లల్ని బడికి తరిమేవాళ్ళు.

కారణం అందరికీ తెలుసు. ఆవిడ కొడుకు, టైలరమ్మ మొగుడు, ఆ కంపెనీలో లిఫ్టు మెకానిక్. లిఫ్టు తాడు తెగి పై అంతస్తు నుంచి పడి చచ్చిపోయాడు. కంపెనీవాళ్ళు విచారణ పెడితే సూపర్‌వైజరు లేచి, ఆ మనిషి తాగి పనిలోకి దిగాడని చెప్పాడు. ఆయన్ని పనివాళ్ళంతా చాటుగా మైకు అని పిలిచేవాళ్ళు. గుండ్రటి గొంతు, వెన్న రాసినంత నున్నగా ఉంటుంది. ఆ గొంతు పలికాక ఇంకెవరికీ నోరు పెగల్లేదు. జన్మలో చుక్క ముట్టని మనిషి చచ్చాక తాగుబోతయ్యాడు. జాకెట్లు ఇవ్వడానికొచ్చిన ఆడవాళ్ళు జాలిపడి, ఆ అలవాటు ఎప్పట్నించి ఉండేదమ్మా అని టైలరమ్మని అడిగేవాళ్ళు. ఆవిడ పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని కొలతలు తీసేది.

ఒకరోజు వంటింట్లో కుక్కరు ఆవిరి కక్కింది గాని కూత రాలేదు. గ్యాసుబండ జరిపి చూస్తే, వెనక మణికట్టంత లావు బూడిదరంగు పాము చుట్టచుట్టుకుని పడుకుంది. అలాంటివి అప్పుడప్పుడూ ఇళ్ళలో దూరుతూనే ఉంటాయి. అవి కరవవు. చెవులు లేవు కాబట్టి శబ్దాన్ని నోటితోనే అందుకుంటాయి. దగ్గర్లో ఏది గట్టిగా మోగితే దాని మోతని మింగేస్తాయి. ఇక ఆ వస్తువు మోగదు. వెనకవీధిలో ఒకాయన స్కూటరు, మూలింటివాళ్ళ కుక్క అలాగే మూగబోయాయి. పాముని చంపితే మింగినవన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగొస్తాయి. వదిలేస్తే దాంతోనే పోతాయి.

టైలరమ్మ పాములు పట్టేవాడికి కబురు పెట్టింది. పొరుగూళ్ళో పనుందనీ, వారం చివర్లో వస్తాననీ చెప్పాడతను. ఈలోగా ఫ్యాను చప్పుడు పోయింది. తర్వాత మెషిన్‌ది. చప్పుడు లేకపోతే దారం తెగిన సంగతి తెలియదు. ఒక చొక్కాచెయ్యి మొత్తం ఉత్త సూదితో కుట్టుకుంటూ పోయి, చివర్లో చూసి, మళ్ళీ మొదటికొచ్చింది.

ఆ మర్నాడు అత్తగారు కిటికీ తీసి "వాడి నోరు పడి" అన్నంతవరకే వినబడింది. గోడవార పాము నోరు మూసుకుని తల దించింది. అత్తగారి పెదాలు కదులుతూనే ఉన్నాయి, ఆవిడ చేతులు గేటు వైపు విసురుతూనే ఉంది. తిట్లన్నీ అయిపోయాక గాని తన గొంతు తనకి వినబడలేదని ఆవిడకి తెలియలేదు. గొంతు పట్టుకుని కుర్చీలో కూలబడింది. ఆ రోజు వీధిలో పిల్లలు బడికి ఆలస్యంగా వెళ్ళారు.

ఆ ఇంట్లో మిగిలినవి రెండే గొంతులు, అందులో ఒకటి పోయింది. టైలరమ్మ తలుపు వెనక కర్ర తీసింది. పాము కడుపునిండి కదలకుండా పడుంది. ఒక్క దెబ్బ చాలు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి మైకు పిలిచాడు.

చేతిలో కోటుగుడ్డ ఉంది. తన పొట్టకి ఈ ఊళ్ళో ఇంకెవరి కొలతా కుదరదని నవ్వుతూ కూర్చున్నాడు. టైలరమ్మ కేసుని పైకి తీసుకెళ్ళిందనీ, వచ్చేవారం లేబర్ ఆఫీసులో తను మళ్ళీ మాట్లాడాలనీ, దానికే ఈ కోటనీ దాపరికం లేకుండా చెప్పాడు. కేసు వెనక్కి తీసుకుంటే అందరికీ మంచిదన్నాడు. మనసులో ఏమీ పెట్టుకోవద్దన్నాడు. కొలతలిచ్చి వెళ్ళిపోయాడు.

ఆయన మెట్లు దిగగానే టైలరమ్మ ఆ గుడ్డని వీధిలోకి విసరబోయింది. అత్తగారు లేచి గుడ్డ లాక్కుని, దులిపి, మడత సరిచేసి మెషిన్ మీద పెట్టింది. కోడలి చేతిలోంచి కర్ర తీసుకుని తలుపు వెనక యథాప్రకారం నిలబెట్టింది. తర్వాత పాముని చూపించింది. మైకు వెళ్ళిన దారి చూపించింది. తన గొంతు మీద వేలు అడ్డంగా గీసుకుంది.

కోడలికి అర్థమైంది. "మరి మీ గొంతో, అత్తయ్యా?"

అత్తగారు ఈగని తోలినట్టు చెయ్యి విదిలించింది.

ఇక ఇద్దరూ చప్పుడు అందకుండా పాముని మాడ్చడం మొదలుపెట్టారు. కిటికీలు మూసేశారు. రేడియో తీసి బీరువాలో బట్టల మధ్య పెట్టారు. గిన్నెల కింద పాతగుడ్డలు పరిచారు. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకునేవాళ్ళు. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళతో టైలరమ్మ గుమ్మం బయటే గుసగుసగా మాట్లాడి పంపేసేది. పాము ఆకలికి ఇల్లంతా పాకేది, ఖాళీ డబ్బాలోకి తల పెట్టి చూసేది. ఆ మూగ మెషిన్ మీద టైలరమ్మ కోటు కుట్టింది. అంత శ్రద్ధగా మొగుడి పెళ్ళిబట్టలు కూడా కుట్టలేదు. కాజాలు అత్తగారు కుట్టింది, పట్టుదారంతో.

ట్రయల్ రోజు మైకు వచ్చి ఫ్యాను కింద నిలబడ్డాడు. ఫ్యాను బాగుందే, చప్పుడే లేదన్నాడు. అత్తగారి వైపు చూసి, పెద్దావిడ మనసు మెత్తబడినట్టుందన్నాడు. ఆవిడ తల ఊపింది. పాము మెషిన్ కింద ముక్కలగుడ్డల కుప్పలో ఉంది.

మైకుకి కోటు తొడిగి, వీపు మీద సుద్దతో గీతలు పెడుతూ, టైలరమ్మ చాలా మెల్లగా అడిగింది. మా ఆయన తాడు సంగతి మీతో ఎప్పుడైనా చెప్పాడా అని.

అద్దంలో తనని చూసుకుంటూ మైకు మంచి హుషారులో ఉన్నాడు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు తప్ప ఎవరూ లేరు.

"చెప్పాడమ్మా, అబద్ధమెందుకు. మార్చమని రెండుసార్లు అడిగాడు కూడా. కానీ ఆ మాట బయట మాత్రం నా నోట రాదు."

"రాదులెండి," అంది టైలరమ్మ.

సుద్ద పక్కన పెట్టి, కోటు ముందువైపు గుండీలు పెట్టింది. మనిషి మాట్లాడేటప్పుడు ఛాతీ పొంగుతుంది, అక్కడ పట్టేస్తే నలుగురిలో బాగుండదు, ఆఫీసరు ముందు చెప్పబోయేది ఒక్కసారి గొంతెత్తి చెప్తే చూసుకుంటానంది. అలా అంటూనే రెండడుగులు వెనక్కి వేసి పెదాలు బిగించింది. అత్తగారు కాలితో గుడ్డల కుప్పని కొంచెం పక్కకి తోసింది.

మైకు గొంతు సవరించుకున్నాడు. ఊపిరి నిండా పీల్చాడు. కోటు ఎక్కడా పట్టలేదు. "అయ్యా, ఆ మనిషి ఆ రోజు తాగి" అన్నాడు.

పాము ఆయన మోకాలిదాకా లేచి, నోరు తెరిచి, మూసుకుంది.

ఆయన ఇంకో వాక్యం చెప్పాడు, ఇంకోటి. తర్వాత ఆగాడు. టైలరమ్మ వెళ్ళి భుజాల దగ్గర ముడత లాగి సరిచేసింది. కోటు బాగా కుదిరిందని, ఈసారి మామూలు గొంతుతోనే చెప్పింది.

పాములు పట్టేవాడు వచ్చి పాముని బుట్టలో వేసుకుని, అందరినీ అడిగే మాటే అడిగాడు. "కొట్టనా, వదలనా అమ్మా?"

పొద్దున్నే ఆ తిట్లు లేని ఇల్లు బావిలా ఉంది. టైలరమ్మ కర్ర ఉన్న తలుపు వైపు చూసింది. అత్తగారు వచ్చి బుట్టమూత మీద చెయ్యి పెట్టి, తనే దాని తాడు బిగించి కట్టింది. టైలరమ్మ అతని వెంట ఊరి బయట రాళ్ళు పేల్చే క్వారీదాకా వెళ్ళింది. అక్కడైతే దానికి తిండికి లోటుండదు. రాళ్ళ మధ్యకి పోయేదాకా నిలబడి చూసింది.

లేబర్ ఆఫీసులో మైకు కొత్త కోటు వేసుకుని లేచాడు, నోరు తెరిచాడు, కూర్చున్నాడు. ఆఫీసరు కాసేపు చూసి, ఇంకెవరైనా చెప్పేదుందా అని అడిగాడు. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే వెనక వరసలో కంపెనీ ఎలక్ట్రీషియన్ కుర్చీ జరిపిన చప్పుడు అందరికీ వినబడింది. లేచాక ఇక కూర్చోలేక, ఆ తాడు పీచులు లేచిపోయి ఉండడం తను చూశానని చెప్పాడు. తర్వాత గేటు వాచ్‌మన్ లేచాడు. ఆ పొద్దున మెకానిక్ తనతో కలిసి టీ తాగే లోపలికి వెళ్ళాడని, మనిషి శుభ్రంగా ఉన్నాడని చెప్పాడు. ఇంకో నలుగురు లేచారు. సాయంత్రానికల్లా టైలరమ్మ మొగుడు తాగుబోతు కాదు.

కంపెనీ మైకుని గోడౌన్‌కి మార్చింది. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పని లేదు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఆయన టైలరమ్మ గుమ్మం ముందుకొచ్చాడు. చిక్కిపోయాడు. గొంతు చూపించుకున్నాడు. చేతిని పాములా వంపులు తిప్పి, ఎక్కడ అని వేళ్ళు విప్పి అడిగాడు. కర్రతో కొట్టినట్టు చేసి చూపించాడు. చేతులు జోడించాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

అత్తగారు కాజా ఆపి కోడలి వైపు చూసింది. ఇప్పుడు ఆ పామును కొడితే ఆవిడ గొంతూ వస్తుంది. టైలరమ్మ ఆ చూపులో ఏముందో వెతికింది. అత్తగారు మళ్ళీ కాజా అందుకుని, సూదిలో దారం ఎక్కించుకుంది.

టైలరమ్మ పళ్ళ మధ్యనుంచి గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది. లేచి గుమ్మందాకా వచ్చి, చెవి ఆయన వైపు పెట్టి, ఎంతో మర్యాదగా నిలబడింది.

"వినబడటం లేదండీ," అంది. "కొంచెం గట్టిగా చెప్పండి."