మైకుకు రబ్బరు బ్యాండు

మల్లీశ్వరికి ఒళ్లు మండిపోతోంది. నంద్యాల రైసు మిల్లు ముందు ఆటో దిగి, చిల్లర కూడా తీసుకోకుండా లోపలికి దూసుకెళ్లింది.

అది 2004 వానాకాలం. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఆమె, ఆళ్లగడ్డ పక్క పల్లెలోని ఆసుపత్రికి ఒక వైర్‌లెస్ సెట్టు తయారుచేసి ఇచ్చి, దాని జోడీని నంద్యాలలో తన దగ్గర పెట్టుకుంది. మిల్లు యజమాని సుబ్బరాయుడు తన లారీల కోసం లైసెన్సు తీసుకున్న ఫ్రీక్వెన్సీ రోజులో ముప్పావు వంతు ఊరికే పడి ఉంటుంది. ఆ ఖాళీలో మాట్లాడుకోవడానికి ప్రయోగంగా అనుమతి తెచ్చుకుంది. ఆయనా సరేనని సంతకం పెట్టాడు. ఆమె చేసిన సెట్టు ముందుగా చెవి పెట్టి వింటుంది. ఎవరూ లేకపోతే మాట పంపుతుంది. యజమాని మైకు నొక్కాడా, ఎర్ర దీపం వెలిగించి నోరు మూసుకుంటుంది. దానికి ఇంత మర్యాద నేర్పింది మల్లీశ్వరే.

ఆ మర్యాదే కొంప ముంచింది. ఈరోజు తెల్లవారినప్పటి నుంచీ దీపం ఎర్రగానే ఉంది. వానకు ఫోన్లు చచ్చి నాలుగు రోజులైంది. పది గంటలకు బస్సు కండక్టరు శేషయ్య, నర్సు హన్నమ్మ రాసిన చీటీ తెచ్చిచ్చాడు. చేలో మద్దిలేటిని పాము కరిచిందట, విషానికి విరుగుడు సీరం అయిపోయిందట, సెట్టు పలకడం లేదట. మల్లీశ్వరి కాళ్లరిగేలా తిరిగి సీరం సంపాదించి, తిరుగు బస్సులో శేషయ్య చేతికే ఇచ్చి పంపి, నేరుగా ఇక్కడికి వచ్చింది.

వైర్‌లెస్ గదిలో మనిషన్నవాడు లేడు. మైకు మీటకు రబ్బరు బ్యాండు బిగించి ఉంది. పైన తిరుగుతున్న ఫ్యాను చప్పుడే పొద్దుటినుంచీ ఆళ్లగడ్డ దాకా పోతోంది.

"ఏందప్పా ఇది?" మల్లీశ్వరి బయటికి కేకేసింది.

సుబ్బరాయుడు వక్కపొడి నములుతూ వచ్చాడు. "బస్సులో సీటు మీద తువ్వాలెయ్యమా? ఇదీ అంతే. ఖాళీగా ఇడిస్తే రేపు మాదేనంటారు మీరు."

"మాట్లాడేది లేదు, ఇంకొకర్ని మాట్లాడనిచ్చేది లేదు! నీ తువ్వాలుకు ఆడ ఒక మనిషి పానం పోతాందప్పా!"

బ్యాండు తెంపి అవతల పారేసింది. కాసేపటికే మిల్లు స్పీకరులో హన్నమ్మ గొంతు వినిపించింది. అరిచి అరిచి బొంగురుపోయింది.

"మల్లీశ్వరమ్మా, వినపడతాందా? ఇంక సీరం వద్దులేమ్మా. మద్దిలేటి పోయినాడు. పొద్దుట్నుంచి అరుస్తానే ఉండా, ఒక్కరూ పలకలా. ఆయప్ప పెండ్లాం ఈడే ఉంది, నీతో ఒక మాట..."

సుబ్బరాయుడు గబుక్కున మైకు అందుకుని మీట నొక్కాడు. "అమ్మా, నేను మిల్లు సుబ్బరాయుణ్ణి..."

"వదులప్పా ఆ మీట!" మల్లీశ్వరి అరిచింది. "నువ్వు నొక్కినంతసేపూ ఆడ ఎర్ర దీపమే. ఆ తల్లి ఏడుపు కూడా ఈడికి రాదు!"

ఆయన మీట వదలకుండానే క్షమించమని వేడుకుంటున్నాడు.