గంటా పది నిమిషాలు

రత్నం స్కేలు పెట్టి కవరు మీద నాలుగు గీతలు గీశాడు. ఆ హిందీ ఊళ్లో, పండరీ బజారులోని ఆ చిన్న విమాన టికెట్ల దుకాణంలో పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. మొదటిసారి విమానమెక్కేవాళ్లకు టికెట్టు కవర్లో పెట్టి, పైన గుండ్రటి అక్షరాలతో రాసిస్తాడు: ఇంటి నుంచి బయలుదేరేది, ఎయిర్‌పోర్టుకు చేరేది, దూరం, ప్రయాణ సమయం.

ఎదుట కూర్చున్న సుభద్ర పక్కనున్న దేవేంద్ర నగర్ నుంచి వచ్చింది. వచ్చే వారం విశాఖపట్నం వెళ్లాలి.

"ఎంతసేపు బాబూ?"

"నాలుగొందల పదిహేను కిలోమీటర్లమ్మా. గంటా పది నిమిషాలు. చాయ్ తాగి కప్పు కింద పెట్టేలోపు."

"నువ్వెన్నిసార్లు ఎక్కావేమిటి?"

"ఒక్కసారీ లేదమ్మా."

"మరి ఇంత పక్కాగా చెప్తున్నావ్!" ఆవిడ పకపకా నవ్వింది.

అక్కకూ అదే చెప్పేవాడు. విశాఖలో నర్సుగా డ్యూటీ మీద డ్యూటీ చేసి తనను బి.కాం. చదివించిన అక్క దీనమ్మ, ప్రతి క్రిస్మస్‌కూ ఫోన్లో అడిగేది, "ఎప్పుడొస్తావురా?" అని.

"గంటా పదే కదక్కా! ఎప్పుడంటే అప్పుడొచ్చి వాలతా."

అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

సుభద్ర వెళ్లగానే ఫోను మోగింది. మేనకోడలు కీర్తన.

"మావయ్యా, అమ్మకి అస్సలు బాలేదు. ఇవాళ గడిస్తే చాలంటున్నారు. కళ్లు తెరిచినప్పుడల్లా గుమ్మం వైపే చూస్తోంది."

రెండున్నర విమానంలో సీటు దొరికింది. తన పేరు తానే కొట్టుకుంటుంటే వేళ్లు రెండుసార్లు తప్పాయి. తర్వాత అలవాటుగా కవరు తీసి గీతలు గీసి, నాలుగు వరుసలూ రాశాడు.

"అరే రత్నం భయ్యా, నీక్కూడా రాసుకోవాలా? చల్, జల్దీ!" దుకాణం యజమాని గిరిధర్ స్కూటరు తీసి ఎయిర్‌పోర్టు దాకా దించాడు.

లోపల బోర్డు మీద గంట ఆలస్యం అని వచ్చింది. తర్వాత రెండు గంటలన్నారు, ఆపైన ఎప్పుడో చెప్పలేమన్నారు. విశాఖలో గాలివాన, విమానం దిగే వీల్లేదట. రత్నం మూడుసార్లు కౌంటరు దగ్గరికి వెళ్లాడు.

"వాతావరణం సర్. మేమేం చెయ్యగలం?" అంది అక్కడి అమ్మాయి.

ఆ మాట తాను ఎంతమందికి ఫోన్లో చెప్పాడో! తిరిగొచ్చి కూర్చుని కవరు చూసుకున్నాడు. పై రెండు వరుసలూ అనుకున్నట్టే జరిగాయి. దూరం పెరగలేదు, సమయం పెరగలేదు. బయలుదేరడమే లేదు. చేతి చెమటకు కాగితం మెత్తబడింది.

ఆరు కావస్తుండగా ఫోను మోగింది. కీర్తన.

"మావయ్యా..."

"బోర్డు మారుతోందమ్మా, ఇదిగో, ఇప్పుడే వదుల్తారంట..."

"మెల్లగానే రా మావయ్యా. ఇంక తొందరేం లేదు."

అతను ఫోను చెవికి అలాగే ఆనించుకుని ఉన్నాడు. పావుగంటకు విశాఖ ప్రయాణికులను పిలిచారు. జనమంతా ఒక్కసారిగా లేచారు. రత్నం వరుసలో అందరికన్నా వెనక నిలబడ్డాడు. అతని వెనక తలుపు మూశారు.

ఇనుప కుర్చీ మీద ఖాళీ కవరు ఉండిపోయింది. చెమటకు మూడు వరుసలు అలుక్కుపోయి, అడుగున గుండ్రటి అక్షరాల్లో ఒక్క వరుస మాత్రం చెదరకుండా ఉంది: ప్రయాణ సమయం, గంటా పది నిమిషాలు.