జేబులో వేసిన చీటీ

మొదటి ప్యాంటు జేబులో రెండు మేకులు, ఒక కుక్క బిస్కెట్టు దొరికాయి. రెండో దాంట్లో గుప్పెడు జొన్నలు. బహదూర్ వాటిని చిన్న కవర్లలో వేసి, ఏ ప్యాంటువి ఆ ప్యాంటుకే పిన్నుతో గుచ్చాడు.

నరసరావుపేటలో పని నేర్పిన ఉస్తాదు పెట్టిన అలవాటిది. కత్తెర పట్టేముందు జేబులు తిరగెయ్యాలి. దొరికింది దొరికినట్టు, కుట్టు పూర్తయ్యాక అదే జేబులో పెట్టాలి. ఆస్ట్రేలియా వచ్చి, ఈ టూవూంబా ఊళ్ళో అగ్గిపెట్టెంత కొట్టు పెట్టి పంతొమ్మిదేళ్ళయింది. ఇంతవరకూ ఎవరి జేబులోంచీ జొన్నగింజ కూడా పోలేదు. కాకపోతే ఆరేళ్ళుగా ప్రతి జేబులోకీ ఒకటి అదనంగా చేరుతోంది.

మనిషి సన్నం, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. మెడలో టేపు వేలాడుతూనే ఉంటుంది. ఒక ఈద్‌నాడు నమాజుకి కూడా అలాగే వెళ్ళొచ్చాడు. చేతివేళ్ళు మాత్రం ఆడపిల్ల వేళ్ళంత నాజూకు. ఆ వేళ్ళతోనే డ్రాయరులోంచి ఒక చీటీ తీసి, నాలుగు మడతలు పెట్టి, జొన్నల కవరు పక్కన జేబులోకి తోశాడు.

'మీ షెడ్డులో పాత తుపాకీ ఉంటే పోలీసులకి ఇచ్చేయండి. ఏమీ అనరు. ఇట్లు, ఖలీద్ నాన్న' అని ఇంగ్లీషులో అచ్చువేయించిన చీటీ అది.

అతని కొడుకు ఖలీద్ ఇక్కడే ఆసుపత్రిలో నర్సుగా చేసేవాడు. ఒక ఆదివారం స్నేహితుడి పొలంలో బార్బెక్యూ విందుకి వెళ్ళాడు. షెడ్డులో గోనెపట్టా కింద తాతల నాటి రైఫిల్ పడి ఉంది. దానికి లైసెన్సు లేదు, ఏ రికార్డులోనూ లేదు. పిల్లలు సరదాగా బయటికి లాగారు. లోపల తూటా ఉందని అది పేలేదాకా ఎవరికీ తెలియదు. ఖలీద్‌కి ఇరవై ఏడు.

తర్వాత తుపాకుల గురించి పెట్టిన ఒక సభలో బహదూర్ చేతికి మైకిస్తే, టేపు నలుపుతూ రెండు నిమిషాలు నిలబడి కూర్చున్నాడు. అతనికి బాగా తెలిసిన చోటు జేబొక్కటే. చీటీలు అక్కడే వేయడం మొదలుపెట్టాడు. కొందరు నవ్వారు, కొందరు రావడం మానేశారు. పక్కనున్న ఓకీ ఊరి దగ్గర జొన్నచేలున్న మెర్విన్ అయితే చీటీ పట్టుకుని తిరిగొచ్చి, "నా షెడ్డు నా ఇష్టం, నువ్వు కుట్టుపని చూసుకో" అని కొట్టు దద్దరిల్లేలా అరిచాడు. నాలుగేళ్ళయింది, మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

మధ్యాహ్నం భార్య షకీలా క్యారియర్ తెచ్చింది.

"ఇంకెన్ని చీటీలున్నాయి?"

"పదకొండు."

"అవి అయిపోతే ఆపేస్తానని మాటిచ్చారు, గుర్తుందిగా?"

"పప్పు బాగుంది."

"మాట మార్చమాకండి. ఆరేళ్ళల్లో ఒక్కళ్ళన్నా వచ్చి, ఇదుగో భాయ్, ఇచ్చేశానని చెప్పారా? కస్టమర్లు పోతే పోయారు. వాడి పేరు ఊళ్ళోవాళ్ళ వాషింగ్ మెషీన్లలో నానిపోతా ఉంది. నాకదీ బాధ."

ఆమె అన్నది నిజమేనేమోనన్న భయం అతనికీ ఉంది. ఒక్కరంటే ఒక్కరు చాలు. ఆ ఒక్కరు ఉన్నారో లేరో తెలియకుండానే పదకొండూ అయిపోయేలా ఉన్నాయి.

మూడింటికి మెర్విన్ భార్య డోరీన్ వచ్చింది. చేతిలో నల్లసూటు. "నడుము మూడంగుళాలు తగ్గించాలి, బహదూర్. గురువారానికి కావాలి."

"ఒకసారి ఆయన్ని రమ్మనండి, కొలత చూస్తాను. పాత గొడవ నేను మనసులో పెట్టుకోలేదని చెప్పండి."

డోరీన్ కోటు గుండీలు తడిమింది. "రాలేడు. శనివారం పొద్దున పోయాడు. ఈ సూట్లోనే సాగనంపుతున్నాం. చివర్లో బాగా చిక్కిపోయాడు. వెనకాల పిన్నులు పెట్టి సర్దుతాం, కనపడదు అన్నారు శవపేటికవాళ్ళు. నేనొప్పుకోలేదు. ఆయనకి పిన్నులంటే చిరాకు."

బహదూర్ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ప్యాంటు జేబు తిరగేశాడు. నాలుగు మడతల చీటీ ఒకటి జారిపడింది. దానిలోపల పోలీసు స్టేషను రసీదు. రైఫిల్, ఒకటి. తేదీ చూస్తే, మెర్విన్ వచ్చి అరిచిన మర్నాడు.

"ఈ సూటు ఆయన మూడుసార్లే వేసుకున్నాడు. అమ్మాయి పెళ్ళికి, వాళ్ళన్న అంత్యక్రియలకి, ఆ తుపాకీ ఇవ్వడానికి," అంది డోరీన్. "ఒకళ్ళ పిల్లాడి పనిమీద వెళుతున్నాను, పొలం బట్టల్లో ఎలా వెళ్ళనన్నాడు. నీతో చెప్పమని పోరాను. అరిచినందుకు సిగ్గుపడ్డాడు."

వెనక సింకులో గిన్నెలు కడుగుతున్న షకీలా నీళ్ళు కట్టేసి వచ్చింది. బహదూర్ రసీదు ఆమె చేతిలో పెట్టి, మెడలో టేపు తీసి దాంట్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఖలీద్ పోయిన రోజు కూడా ఆమె ముందు అలా ఏడవలేదు.

డోరీన్‌ని కూర్చోబెట్టి, నడుము మిషను మీద వేయకుండా, అప్పటికప్పుడే చేత్తో సన్నకుట్టు కుట్టాడు. ఎక్కడా పిన్ను మిగల్లేదని రెండుసార్లు తడిమి చూశాడు. ఇక జేబులోవి జేబులో పెట్టాలి. డోరీన్ రసీదు పక్కకి తీసింది. "ఇది నీ దగ్గరుండనీ. చీటీ ఆయనతో వెళుతుంది."

ఆ చీటీని షకీలాయే మడతపెట్టి జేబులో వేసి, పైన అరచేత్తో నిమిరింది. డోరీన్ వెళ్ళిపోయాక బహదూర్‌తో అంది: "ఇంకో మూడువేలు కొట్టించండి. నీళ్ళకి చెరగని సిరా ఉందేమో అడగండి."

మిషను బల్ల మీద, మిగిలిన పదకొండు చీటీల పక్కన, సుద్దముక్క బరువు కింద, మడతల దగ్గర అరిగిన ఆ రసీదు ఉంది.